సైడ్‌కారు బండి ఏడుపు

బుధవారం పొద్దున సిరిల్ టాంక్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటారుసైకిలు విప్పి తీసిన పళ్ళచక్రాన్ని భోజనం డబ్బాలో పెట్టుకుని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాలి. టీ గంట కొట్టినప్పుడు తనిఖీ గదిలో పనిచేసే హొరేస్‌కి చూపించాలి. పళ్ళు అరిగాయని హొరేస్ అంటాడు, ఎలాగూ అరిగే ఉంటాయి. ఇంకో చక్రం సంపాదించి బిగించేయాలి. శనివారం ఫ్యాక్టరీ వేసవి సెలవులు మొదలవగానే ఐవీని సైడ్‌కారులో కూర్చోబెట్టుకుని వెస్టన్‌లో సముద్రం చూపించుకు రావాలి. ఇంత చిన్న పథకం కూడా సజావుగా సాగదంటే మనిషన్నవాడు ఇక పథకాలు వేసుకోవడం దేనికి చెప్పండి.

ఏడుపు వసంతం మొదట్లో మొదలైంది. బండి ఎడమవైపు, ఇంజను నుంచి గేరుపెట్టెకు బలాన్ని మోసుకుపోయే గొలుసొకటి రేకు మూత వెనక నూనెలో తిరుగుతూ ఉంటుంది. ఏడుపు అందులోంచే వస్తోంది. సన్నగా, సాగదీసి, ఆపకుండా. బండి వేగం పెంచితే అదీ గొంతు పెంచుతుంది. సిరిల్ స్క్రూడ్రైవరు మొనను రేకు మూత మీద, పిడిని చెవిలో పెట్టుకుని ఆదివారాలన్నీ పెరట్లో గడిపాడు. పక్కింటాయన చిక్కటి నూనె పొయ్యమన్నాడు, పోశాడు. ఎదురింటాయన అదంతా పారబోసి పల్చటి నూనె పొయ్యమన్నాడు, అదీ అయింది. ఎవరూ ఏమీ చెప్పని వారాల్లో తనకు తోచిందే చేశాడు. గేరుపెట్టెను కాస్త వెనక్కి జరిపి గొలుసు బిగించాడు. బిగించిన రోజున కాస్త నయంగా ఉన్నట్టుండేది. మర్నాటికి మళ్ళీ చెవిలో జోరీగే. మళ్ళీ బిగించేవాడు.

అతని భార్య ఐవీ చాపెల్‌లో పాడుతుంది. ఆమెతో వచ్చిన చిక్కు అదే.

"సిరిల్, అది సరైన స్వరంలో ఏడిస్తే నేను ఓర్చుకుంటాను. స్వరానికీ స్వరానికీ మధ్య సందులో ఏడుస్తోంది. పైగా వారం వారం పైకి పోతోంది."

"పైకి పోవడమేమిటి, చప్పుడన్నాక చప్పుడే."

"పైకి పోతోందంటున్నాను. నా చెవులు నాకున్నాయి."

"సరేలే, గొలుసు ఇంకాస్త బిగిస్తాను," అనేవాడు సిరిల్.

ఆ బుధవారం పొద్దున టీ కప్పు అతని ముందు పెడుతూ ఐవీ ఆఖరి మాట చెప్పేసింది. "శనివారం కూడా అది ఏడిచిందనుకో, నేను డోరాతో కోచ్ బస్సులో పోతాను. నువ్వూ నీ బండీ ఇంట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోండి."

డోరా ఆమె చెల్లెలు. ఆ బెదిరింపు సిరిల్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజానికి వెస్టన్ అంటే అతనికి అంత మోజేమీ లేదు. అక్కడి గాలి, రొట్టెలో ఇసుక, ఉడకబెట్టిన కాబేజీ తప్ప ఇంకోటి వండని అద్దె గదుల యజమానురాలు, ఇవేవీ లేకుండా అతను హాయిగా బతకగలడు. అతనికి కావలసింది దారి. సైడ్‌కారులో ఐవీ తలకు రుమాలు కట్టుకుని, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు పెట్టుకుని, ఇంజను చప్పుడు మీదుగా గొంతెత్తి పాడుతూ ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి ఆ పాట వినడానికే అతను తక్కిన ఏడాదంతా ఫ్యాక్టరీకి పోతాడు. ఏడుపు మొదలయ్యాక ఆమె బండిలో పాడడం మానేసింది. అది అతనికి ఎంత కష్టంగా ఉందో ఆమెకు చెప్పలేదు. చెప్పుకునే రకం కాడు పాపం. గొలుసు బిగించే రకం.

సిరిల్ పనిచేసే ఫ్యాక్టరీలో లాన్‌మోవర్లకు, అంటే పచ్చిక కోసే యంత్రాలకు, పళ్ళచక్రాలు చేస్తారు. అక్కడ "పరాయి పని" అని ఒక ఆచారం ఉంది. కంపెనీ యంత్రం మీద, కంపెనీ ఇనుముతో, కంపెనీ వేళలో సొంత పని చేసుకోవడమన్నమాట. ఫోర్‌మన్ ప్రిచర్డ్ గారి తోట గేటు అలా పుట్టిందే. హొరేస్ ఇంట్లో చేపల తొట్టి చట్రం కూడా. చాపెల్‌లో కీర్తనల అంకెలు తగిలించే ఇత్తడి పలక పుట్టిల్లూ అదే, ఆ సంగతి పాస్టరు గారికీ తెలుసు. ఆచారానికి నియమం ఒక్కటే. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఫోర్‌మన్ కంట పడితే ఆయన కిటికీ వైపు తిరిగి వాతావరణం గురించి ఒక మాట అంటాడు. ఆ మాట పూర్తయ్యేలోగా వస్తువు బల్ల కిందికి పోవాలి.

అయితే ఈస్టరు వెళ్ళాక లండన్ నుంచి అట్టర్‌బరీ అని కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీ రాగానే, సొంత పని చేస్తూ దొరికినవాడికి ఆ పూటే ఉద్వాసన అని గేటుకు పలక కట్టించాడు. మనిషి చెడ్డవాడైతే తప్పించుకు తిరిగి బతికేయొచ్చు. ఈయన మంచివాడు, దానికి తోడు ఉత్సాహం. అలాంటివాళ్ళతోనే తంటా.

టీ వేళకు సిరిల్ డబ్బా తెరిచాడు. హొరేస్ చక్రాన్ని దీపం ముందు పెట్టి, దాని పళ్ళ నీడను గోడంత పెద్దదిగా తెర మీద పడేశాడు.

"అరిగాయా?" అన్నాడు సిరిల్.

"ఉండవోయ్, ఇంకా తేట పడలేదు. నీకన్నీ తొందరే. మా ఆవిడ పళ్ళు పీకించినప్పుడు కూడా ఇంత తొందర పడలేదు."

తలుపు తెరుచుకుంది. ప్రిచర్డ్ లోపలికి అడుగు పెట్టాడు, తెర మీది నీడ చూశాడు, అలవాటు కొద్దీ కిటికీ వైపు తిరిగాడు.

"వాన పడేట్టుంది," అన్నాడు.

"పడనీండి ప్రిచర్డ్. ఇదేమిటి?" అన్నాడు ఆయన వెనకే వచ్చిన అట్టర్‌బరీ.

హొరేస్‌కి ముందు నోరు పెగిలింది. "నమూనా సార్."

"దేనికి నమూనా?"

హొరేస్ ఫోర్‌మన్ వైపు చూశాడు. ఫోర్‌మన్ ఇంకా ఆకాశం వైపే చూస్తున్నాడు. "పెద్ద లాన్‌మోవర్‌కండీ," అన్నాడు ఆకాశంతో.

అట్టర్‌బరీ మొహం వెలిగిపోయింది. "పెద్ద లాన్‌మోవర్‌కా! నమూనాలు గీసే డ్రాయింగు గదిలో ఆ పెద్దాయన రేపు మాపు అంటూ నన్ను తిప్పుకుంటున్నాడు, ఇక్కడ మీ చేతుల్లో తయారైపోయిందా!" చక్రాన్ని చేతుల్లోకి తీసుకుని ముద్దుగా తిప్పి చూశాడు. "మధ్యలో ఈ చిల్లులెందుకు?"

అవి క్లచ్చు కోసం. సిరిల్ తన బూట్ల వైపు చూస్తూ చెప్పాడు. "గడ్డి ఇరుక్కోకుండా సార్."

"ఎంత ముందుచూపు! కానీ నూనె మరకలున్నాయే. వాడినట్టుంది?"

"వాడి చూశాం సార్," అన్నాడు హొరేస్.

"భేష్! నేనిక్కడికి వచ్చాక ఎవరూ చెప్పకుండా జరిగిన మొదటి పని ఇది." అట్టర్‌బరీ జేబులోంచి రుమాలు తీసి, చక్రాన్ని పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు. "శుక్రవారం చప్పుడు పరీక్ష పెడదాం. అంతవరకూ నా బల్ల మీద ఉంటుంది."

ఆయన వెళ్ళాక ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

"సిరిల్, అది నీ బండిదా?" అన్నాడు ప్రిచర్డ్ చివరికి.

"అవునండీ."

"నాకు చెప్పకు. నేనడగలేదు."

"ఇప్పుడే కదండీ అడిగారు."

"అడిగితే మాత్రం చెప్పేయడమేనా? ఆచారం కూడా తెలీదు మనుషులకి."

సాయంత్రం పెరట్లో బండి ఎడమవైపు మూత లేకుండా, నోరు తెరుచుకుని ఉంది. ఐవీ పంది మాంసం కూరిన పై రొట్టె, బఠాణీలు వడ్డిస్తూ అడిగింది.

"చూపించావా?"

"చూపించాను."

"ఏమన్నారు?"

"చాలా మెచ్చుకున్నారు."

"అరిగిపోయిన చక్రాన్నా? సరే, మరి ఏదీ?"

"మేనేజరు దగ్గరుంది."

"మన చక్రం ఆయనకెందుకు?"

"గడ్డి కోసుకోవడానికి," అన్నాడు సిరిల్ నీరసంగా.

ఐవీ గరిటె పక్కన పెట్టి అతని మొహంలోకి కాసేపు చూసింది. "కోచ్ టిక్కెట్లు రేపటి దాకా అమ్ముతారట. డోరా చెప్పింది," అంది.

గురువారం ప్రిచర్డ్ ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. "నువ్వు పళ్ళు కోసేవాడివే కదా. భోజనాల వేళ అలాంటిదే ఇంకోటి కోసెయ్. నేను ఆయన్ని మాటల్లో పెడతాను, హొరేస్ వెళ్ళి బల్ల మీద మార్చేస్తాడు. నీ చక్రం నీకు, ఆయన చక్రం ఆయనకి."

వినడానికి బాగానే ఉంది. అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు అని ఆ క్షణాన ఒక్కరైనా అనలేదు. ఎవరికి వాళ్ళకి వాళ్ళ ఉద్యోగం కళ్ళ ముందు ఆడుతోంది. సిరిల్ చీజ్ రొట్టె ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో యంత్రం తిప్పుతూ, ఆ చక్రాన్ని జ్ఞాపకం మీదే కోయడం మొదలుపెట్టాడు. జ్ఞాపకానికేం, ఇన్ని ఆదివారాలు దాన్ని చూస్తూ కూర్చున్నవాడే కదా. పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ముచ్చటగా లేచాయి. పనిలో పడి కాసేపు బాధ కూడా మరిచిపోయాడు.

"రెండోది కూడా మొదలుపెట్టేశారా!"

మాటల్లో పెట్టవలసిన ప్రిచర్డ్ పెట్టలేకపోయాడు. అట్టర్‌బరీ వెనక రొప్పుతూ నిలబడి, ఏం చెయ్యమంటావన్నట్టు చేతులు తిప్పుతున్నాడు.

"భోజనం కూడా యంత్రం దగ్గరేనా? పేరేమిటి?"

"టాంక్స్ సార్. సిరిల్ టాంక్స్."

అట్టర్‌బరీ అతని నూనె చేతిని పట్టుకుని ఊపేశాడు. "లండన్‌లో ఇలాంటి పనివాడు ఉన్నాడా అని వెతికాను టాంక్స్. లేడు." జేబులోంచి ఇంకో రుమాలు తీసి చేయి తుడుచుకుని, అదే ఉత్సాహంతో వెళ్ళిపోయాడు. రెండో చక్రం సంగతి కూడా ఆయనకు తెలిసిపోయింది, ఇక మార్చడమనేది లేదు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు డ్రాయింగు గది పెద్దాయన పిల్లిలా వచ్చాడు. నమూనా గీయకుండా నెట్టుకొస్తున్న మనిషి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ చక్రం నేను గీసిందే కదా?"

"అయ్యుండొచ్చు," అన్నాడు సిరిల్. అతనికి ఇక వాదించే ఓపిక లేదు.

"నేననుకున్నాను. ఆ చిల్లులు చూడగానే గుర్తుపట్టాను."

శుక్రవారం మధ్యాహ్నం చప్పుడు పరీక్ష. గోడలకు బెండు అతికించిన చిన్న గది అది. చక్రాన్ని ఇరుసుకు బిగించి, గొలుసు తొడిగి, మోటారుతో తిప్పుతారు. సిరిల్‌కి ఆ పూట మిగిలిన ఆశ ఒక్కటే. చక్రం పాడుదే కదా, ఏడవక మానదు. ఇన్ని నెలలు తన ప్రాణం తీసిన ఏడుపు ఈ ఒక్క పూట తన మీద దయ తలచాలి. ఏడిస్తే మేనేజరు దాన్ని తుక్కులోకి గిరాటు వేస్తాడు. తుక్కులోంచి తను తీసుకుంటాడు. రాత్రి లోపల బిగించి, రేపు ఎలాగోలా, దారంతా క్షమాపణలు చెప్పుకుంటూ, ఐవీని తీసుకెళ్తాడు.

హొరేస్ మీట నొక్కాడు. చక్రం తిరిగింది. వేగం పెంచాడు. గదిలో మోటారు గుర్రు తప్ప ఏమీ లేదు.

అట్టర్‌బరీ స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఒక్క చప్పుడు లేదు!"

"సరిగ్గా వినండి సార్," అన్నాడు సిరిల్. "సన్నగా ఏడుస్తోంది."

"లేదే."

"నాకు వినిపిస్తోంది సార్. సాగదీసి ఏడుస్తోంది."

ప్రిచర్డ్ అతని కాలు గట్టిగా తొక్కాడు. అట్టర్‌బరీ కళ్ళు తెరిచి అతని వైపు గౌరవంగా చూశాడు. "తన పని మీద తనకే ఇంత కఠినమైన చెవి! ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఈ దేశం నిలబడింది," అన్నాడు.

సిరిల్ మాత్రం తిరుగుతున్న చక్రాన్నే చూస్తున్నాడు. అది ఏడవడం లేదు. నిజంగానే లేదు. అంటే దానికి ఏ పాపమూ తెలియదు. అతను హొరేస్ పక్కకు జరిగి నెమ్మదిగా అడిగాడు.

"హొరేస్, గొలుసు ఎంత వదులుగా ఉంచావు?"

"అందరూ ఉంచేంతే. వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. ఏం, నువ్వెంత ఉంచావు?"

సిరిల్ తన వేలు చూసుకున్నాడు.

"ఏమయ్యా, అసలు వదులు ఉంచావా?"

"ఏడిచినప్పుడల్లా బిగించాను."

"బిగిస్తే ఏడవదా మరి? ఎవరైనా ఏడుస్తారు," అన్నాడు హొరేస్.

ఐవీ మాట అప్పుడు గుర్తొచ్చింది సిరిల్‌కి. వారం వారం పైకి పోతోందని ఎన్నిసార్లు చెప్పింది! ఫిడేలు తీగ బిగించినట్టు తనే బిగించుకుంటూ పోయాడు, తనే స్వరం పెంచుకుంటూ పోయాడు. మొదట ఏదో కాస్త మూలిగి ఉంటుంది ఆ గొలుసు. దాన్ని ఊరికే వదిలేసి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాళ్ళు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గులోనే చిన్న సంతోషం కూడా లేచింది. జబ్బు తెలిసింది. ఇక పావుగంట పని. రేపు దారంతా ఐవీ పాడుతుంది.

"రెండు వందలు!" అన్నాడు అట్టర్‌బరీ.

"ఏమిటి సార్?"

"రెండు వందల చక్రాలు కావాలి, సెలవులు ముగిసేలోగా. ఫ్యాక్టరీ మూసే ఉంటుంది, సందడి ఉండదు, ప్రశాంతంగా కోసుకోవచ్చు. ఇంకెవరి చేతికీ ఇవ్వను టాంక్స్, మీరే కోయాలి. ఈ చక్రం కోత తెలిసినవారు మీరొక్కరే కదా! ఏమైనా అభ్యంతరమా?"

సిరిల్ హొరేస్ వైపు చూశాడు. హొరేస్ నేల వైపు చూస్తున్నాడు. ప్రిచర్డ్ వైపు చూశాడు. ఆ గదికి కిటికీ లేకపోయినా ఆయన కిటికీ కోసం వెతుకుతున్నాడు. అభ్యంతరం చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే చక్రం ఎవరిదో చెప్పాలి. చెబితే గేటు దగ్గర పలక ఉండనే ఉంది, ముగ్గురికీ సరిపోయేంత పెద్దది.

"లేదు సార్," అన్నాడు.

"ఇంట్లో ఆవిడ ఏమీ అనుకోరు కదా?"

"అనుకోవడం ఆవిడకి అలవాటు లేదు సార్. అనేస్తుంది."

అట్టర్‌బరీ హాయిగా నవ్వి, నమూనాను మళ్ళీ రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. సిరిల్ కోసిన రెండో చక్రాన్ని హొరేస్ తెర మీద ఒక్క క్షణం చూశాడు. పొరపాటు వెతికినా లేదు. "కొలత తప్పింది, తుక్కు," అని పైకి అరిచి, దాన్ని సిరిల్ భోజనం డబ్బాలో పడేశాడు. "వెళ్ళు. ఇంతకంటే ఏం చేయగలను నేను," అన్నాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే సిరిల్ కొత్త చక్రం బిగించాడు. గొలుసు మీద వేలు పెట్టి నొక్కాడు, అది మెత్తగా కిందికి దిగింది. మూత వేసి, నూనె పోసి, బండి కిక్కు కొట్టాడు. ఐవీ వంటింటి ఏప్రాను విప్పకుండానే పెరట్లోకి వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. వంగి చెవి పెట్టింది. లేచి, ఒక్క మాట మాట్లాడకుండా సైడ్‌కారులో కూర్చుంది. కాలువ గట్టు మీదుగా ఒక చుట్టు వేశారు. వంతెన దాటాక ఆమె పాట అందుకుంది. సిరిల్‌కి కళ్ళు మసకబారాయి. గాలి అని చెప్పుకున్నాడు. ఇంటికి తిరగవలసిన సందు దగ్గర తిరగకుండా ఇంకో చుట్టు వేశాడు, ఎందుకంటే ఇంటికి వెళ్తే చెప్పాలి.

"ఐవీ, నేను రావడం లేదు," అన్నాడు, బండి ఆపాక. అంతా చెప్పాడు. చక్రం, లాన్‌మోవర్, చిల్లులు, రెండు వందలు. ఐవీ తిడుతుందని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. తల రుమాలు విప్పి మడత పెట్టింది.

"నేను పైకి పోతోందని చెప్పలేదూ?"

"చెప్పావు."

"ఎన్నిసార్లు చెప్పాను?"

"నన్ను తిట్టేసెయ్, ఐవీ. తిట్టి, డోరాతో కోచ్‌లో వెళ్ళు."

"టిక్కెట్లు నిన్ననే అయిపోయాయి. ఊరు ఊరంతా పోతోంది రేపు." ఆమె బండి వైపు చూసింది, చాలాసేపు. "పోయి పడుకో. పొద్దున్నే పనికి పోవాలి కదా పాపం," అంది. ఆ పాపం అన్న మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

శనివారం ఊరు ఖాళీ అయింది. పొగ గొట్టాల్లో పొగ లేదు. పెట్టెలూ పిల్లలూ చేపలు పట్టే వలలూ అన్నీ స్టేషను వైపు వెళ్ళిపోయాయి. ఫ్యాక్టరీలో ఒక్క సిరిల్ యంత్రం మాత్రం నడుస్తోంది. కాంటీను కూడా మూసేశారు, టీ కావాలంటే గేటు కాపలా ముసలాయన గదికి పోవాలి. సిరిల్ కప్పు పట్టుకుని అక్కడ నిలబడి, ఇంట్లో ఐవీ ఒక్కతే ఏం చేస్తూ ఉంటుందో అని బెంగ పెట్టుకుని ఉండగా, మలుపులోంచి మోటారుసైకిలు వచ్చింది.

ముందు పాట వినిపించింది. తర్వాత బండి కనిపించింది. సైడ్‌కారులో పెట్టెల మధ్య ఇరుక్కుని డోరా కూర్చుంది. హ్యాండిలు పట్టుకున్నది ఐవీ. వీపు నిటారుగా, మోచేతులు దగ్గరగా, గేరు మార్చినట్టు కూడా తెలియకుండా మార్చింది. యుద్ధం రోజుల్లో దీపాల్లేని రోడ్ల మీద సైన్యం కబుర్లు మోస్తూ ఆమె ఇలాంటి బండే నడిపేది. ఆ సంగతి సిరిల్‌కి తెలుసు. పెళ్ళయ్యాక ఆమెను సైడ్‌కారులో కూర్చోబెట్టి మరిచిపోయాడంతే. ఐవీ గేటు వైపు చూసి, ఒక చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి మళ్ళీ హ్యాండిలు మీద వేసింది. పాట ఆపలేదు. బండి వెస్టన్ దారి పట్టింది.

కాపలా ముసలాయన తల ఊపుతూ చూశాడు. "ఎంత మెత్తగా పోతోందో! ఎవరిదోయ్ ఆ బండి?"

"నాదే."

"నీదా? నీది ఏడుస్తుంది కదా?"

"బాగుచేశాను."

"మరి నువ్విక్కడున్నావేం?"

"బాగుచేశాను కదండీ, అందుకే," అన్నాడు సిరిల్.